స్క్రూ గుంతలో కుంకుమ

“ఆ బిళ్ల పేలితే ఎట్లరా?”

తెల్లవారి వాకిలి ఊడ్చి, ముగ్గు వేసి, కాఫీ గ్లాసు కొడుకు ముందు పెడుతూ వనజాక్షి అన్న మొదటి మాట అది. నిజానికి పేలింది ఏమీ లేదు, పేలే సూచనా లేదు. ప్రణీత్ కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని, పాత వీడియో గేమ్ క్యాసెట్టు ఒకటి విప్పి, అందులో ఉన్న గుండీ అంత బ్యాటరీ బిళ్లను దీపం కింద పెట్టి చూస్తున్నాడు.

“పేలదు మా. గడియారంలో వేసే బిళ్లే ఇది” అన్నాడు తల ఎత్తకుండా.

“గడియారమైతే గోడకుంటాది. నువ్వు ముక్కు కాడ పెట్టుకోనుండావు.”

వసారాలో గోనెసంచి దులుపుతున్న తండ్రి బయ్యన్న నవ్వాడు. “పొద్దున్నే ఏదో ఒకటి పేలిపోవల్ల మీయమ్మకు. లేకుంటే కాఫీ గొంతు దిగదు.”

వనజాక్షి భయాలు ఆ ఇంట్లో అందరికీ అలవాటైపోయాయి. ఏడో తరగతి దాకా చదువుకుంది కాబట్టి పేపరు చదవగలదు. చదవగలదు కాబట్టి ప్రమాదాల వార్తలే ముందు చదువుతుంది. కొడుకు పార్సిళ్లు పట్టుకుని కంబదూరు నుంచి కళ్యాణదుర్గానికి బైకు మీద పోతే, తిరిగి వచ్చేదాకా ఆమె చెవులు రోడ్డు మీదే ఉంటాయి. జపాను నుంచి అట్టపెట్టె వస్తే, అందులో ఏముందోనని పోలీసులు వస్తారేమోనని భయం. రోజంతా దీపం కింద సన్నని అక్షరాలు చూస్తుంటే వాడి కళ్లు పోతాయని భయం. సంబంధం వాళ్లు వచ్చి అబ్బాయి ఏం చేస్తాడని అడిగితే ఏం చెప్పాలోనని ఇంకో భయం. ఇన్ని భయాల మధ్య కొడుకు విషయంలో ఆమె ఎన్నడూ భయపడనిది ఒక్కటే ఉండేది. అది ఏమిటో ఆ రోజు దాకా ఆమెకే తెలియదు.

క్యాసెట్లంటే పాటల క్యాసెట్లు కావు. అరచేతిలో పట్టే బూడిదరంగు ప్లాస్టిక్ డబ్బీలు. ముందు వైపు రంగుల బొమ్మ, చుట్టూ జపాను అక్షరాలు. ముప్పై ఏళ్ల కిందట అక్కడి పిల్లలు టీవీ కింద యంత్రంలో పెట్టుకుని ఆడుకున్నవి. ఇప్పుడు బెంగళూరులో, హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్లు వాటి కోసం వెతుక్కుంటారట. ప్రణీత్ బెంగళూరులో ఒక రిపేరు అంగడిలో పనిచేస్తూ ఈ సంగతంతా నేర్చుకున్నాడు. కరోనా అప్పుడు ఊరికి వచ్చినవాడు ఇక తిరిగి పోలేదు. ఒకప్పుడు విత్తనాలు దాచుకున్న ముందు గదిలోనే బల్ల వేసుకుని, జపాను నుంచి క్యాసెట్లు తెప్పించి, విప్పి, శుభ్రం చేసి, ఫోన్లోనే అమ్ముతున్నాడు.

ఆ పనిలో అసలు విద్య నకిలీవి పట్టుకోవడం. అది వాడికి వచ్చినంతగా ఇంకెవరికీ రాదని కొనేవాళ్లే అంటారు. లేబులును వెలుతురుకు ఏటవాలుగా పెడితే, అసలుదాని మీద సన్నగా నొక్కిన నంబరు ఒకటి నీడలాగా కనిపిస్తుంది. నకిలీదాని మీద అది ఉండదు. నకిలీ ప్లాస్టిక్ కొత్త చెంబులా మెరుస్తుంది, చేతికి తేలిగ్గా తగులుతుంది. అయినా పైన చూసి తేల్చడు ప్రణీత్. వెనక వైపు గుంతల్లోకి ప్రత్యేకమైన స్క్రూడ్రైవరు దించి, విప్పి, లోపలి బోర్డు చూసిన తర్వాతే నోరు తెరుస్తాడు. విప్పకుండా చెప్పేవాడు సోదె చెప్పుకోవాలి అంటాడు.

నకిలీది దొరికితే మాత్రం దానికి ఒకే శిక్ష. నడిమధ్యలో మేకు కొట్టి, గోడ మీది తీగకు తగిలిస్తాడు. మళ్లీ అది ఇంకెవరి చేతికీ పోకూడదని. అలా మేకులు దిగిన క్యాసెట్లు ఆ గోడ పొడవునా ఎండుమిరపకాయల దండలా వేలాడుతుంటాయి. ఇంటికి ఎవరు వచ్చినా బయ్యన్న ముందు ఆ గోడ చూపించాకే కూర్చోబెడతాడు.

ఎందుకంటే ఆ ఇంట్లో నకిలీ అనే మాటకు వేరే బరువు ఉంది. ప్రణీత్ పదో తరగతిలో ఉన్న ఏడు, బయ్యన్న పట్నం అంగడిలో సీలు వేసిన సంచుల్లో వేరుశనగ విత్తనం కొన్నాడు. మంచి పదునులో చేనంతా వేశాడు. మొలక రాలేదు. మిగిలిన సంచి ఎత్తుకుని భార్యాభర్తలిద్దరూ అంగడికి పోతే, ఆ యజమాని సంచిని ముట్టుకోకుండానే, ఇది మా అంగడిది కాదు, మధ్యలో యాడో మార్చుకుని వచ్చినారు అన్నాడు. అంగడిలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. అలాంటి చూపు తన మీద పడటం వనజాక్షికి బతుకులో అదే మొదలు. మోసపోయినవాళ్లు తాము, దొంగలైందీ తామే. ఇంటికి వచ్చాక కొడుకు, కొనేటప్పుడు చూసుకోలేదా నాయనా అని అడిగాడు. బయ్యన్న ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఆ రోజే కాదు, ఈనాటి దాకా చెప్పలేదు. కానీ అప్పటి నుంచి ఎవరి దగ్గర విత్తనం కొన్నా, ముందు గుప్పెడు గింజలు తడిగోనెలో చుట్టి మొలక చూసుకోకుండా చేనికి తీసుకుపోడు. కొడుకేమో పెద్దయ్యాక ఒకే మాట అనేవాడు. నా చేతికి మాత్రం నకిలీది ఎవడూ అంటగట్టలేడు అని.

దసరాకు కొద్దిరోజుల ముందు, వాడు ఎంతో కాలంగా ఎదురుచూస్తున్న క్యాసెట్టు ఒకటి వచ్చింది. కత్తి పట్టుకున్న నక్క బొమ్మ ఉంటుంది దాని మీద. అలాంటివి దొరకడమే అరుదట. తండ్రికి చూపించాడు, వీధిలో స్నేహితులకు చూపించాడు, బల్ల ముందు కూర్చుని విప్పాడు. ఆ పూట అన్నం తినలేదు. మరుసటి రోజూ సరిగా తినలేదు. జ్వరం వచ్చినట్టుందన్నాడు. డెంగ్యూ అని వనజాక్షి గుండె జారిపోయింది. కళ్యాణదుర్గం తీసుకుపోయి రక్తం పరీక్ష చేయించింది. ఏమీ లేదన్నారు. అదే తగ్గిపోతుందిలే అన్నాడు వాడు.

ఆయుధపూజ నాడు వనజాక్షి మడకకు, కొడవళ్లకు, బైకుకు, గ్యాసుపొయ్యికి, కుట్టుమిషనుకు బొట్లు పెట్టి, చివరికి కుంకుమ భరిణ పట్టుకుని ఈ గదిలోకి వచ్చింది. కొడుకు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. పసుపు మరక పడితే లేబులు పాడవుతుందని, కొనేవాళ్లు పైసా ఇవ్వరని చెప్పి పంపేశాడు. కానీ పనికి వాడే వస్తువును ఆ రోజు బొట్టు లేకుండా వదిలితే ఏం మూడుతుందో. ఆమె ఉండలేకపోయింది. వాడు స్నానానికి పోయిన వేళ చూసి, కాలిన అగ్గిపుల్లను కుంకుమలో అద్ది, ఒక్కొక్క క్యాసెట్టు వెనక స్క్రూ గుంతలోకి దించింది. అక్కడైతే ఎవరికీ కనపడదు. నక్కబొమ్మకూ పెట్టింది. అది ఎక్కువ ఇష్టమని దానికి ఇంకాస్త పెట్టింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పండగ అయిన వారానికి ఆ నక్కబొమ్మ బెంగళూరుకు పార్సిలు పోయింది.

ఇక ఆ రోజు సంగతి. ఎండ ఎక్కేసరికి బయ్యన్న చేనికి పోయాడు. పక్కింటి ఆంజినమ్మ వచ్చి వసారాలో వనజాక్షితో కలిసి వేరుశనగ చెట్ల నుంచి కాయలు తెంపుతోంది. ఈసారి కాయ పలచన, గింజ ఇంకా పలచన అని ఇద్దరూ అనుకుంటుండగా వాకిట్లో ఆటో ఆగింది. ఒక నడివయసు ఆడమనిషి దిగింది. ఇస్త్రీ చీర, భుజాన సంచి, ముఖాన ప్రయాణం అలసట. వీడియో గేముల ప్రణీత్ ఇల్లు ఇదేనా అని అడిగింది.

ఆమె పేరు కృపాకుమారి. బెంగళూరులో ఒక ఆసుపత్రిలో నర్సు. సొంతూరు కుందుర్పి, అక్కడికే పోతూ దారిలో దిగింది. వనజాక్షి స్టూలు వేసి నీళ్లిచ్చింది. ఆంజినమ్మ కాయలు తెంపుతూనే, కుందుర్పిలో ఎవరివాళ్లమ్మా అని అడిగింది.

“చర్చి ఈదిలో. సువార్తమ్మ కూతుర్ని.”

ఓహో అంది ఆంజినమ్మ. ఆ ఒక్క ఓహోలో అడగాల్సినవన్నీ అడిగేసి, జవాబులు కూడా తానే చెప్పుకున్నట్టుంది. కృపాకుమారి అలాంటి ఓహోలు చాలా విన్న మనిషిలా నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది. తర్వాత సంచిలోంచి నక్కబొమ్మ క్యాసెట్టు తీసి అరచేతిలో పెట్టుకుంది.

గొంతు పెంచలేదు. తన తమ్ముడు ఐజాక్ పెళ్లికి తాను ఇచ్చిన కానుక ఇది అని చెప్పింది. చిన్నప్పుడు ఇద్దరూ సంతలో కొన్న నకిలీ క్యాసెట్లతో ఆడుకునేవాళ్లట. పెట్టిన గడియకే ఆగిపోయేవట. తీసి, ఊది, మళ్లీ పెట్టి, మళ్లీ ఊదేవాళ్లట. జీతం వచ్చాక వాడి చేతిలో ఒక్కటైనా అసలుది పెట్టాలని అప్పుడే అనుకుందట.

“ఆడినంత ఆడి దాచిపెట్టుకుంటే తెల్లారికి అంతా పోతాండాదంట. లోపల దాచుకునేదానికి ఏమీ లేదంట. వానికి చూస్తానే తెలిసిపోయినాది నకిలీదని. నేను బాధపడతానని చెప్పనేలేదు వాడు. పోయిన వారం మరదలు చెప్పినాది.”

ప్రణీత్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమె చేతిలోని క్యాసెట్టును అందుకోలేదు. ఉన్నచోటి నుంచే చూసి, తల ఊపాడు.

“నకిలీదే మేడమ్, దాంట్లో డౌటే లేదు. లేబులు మీద నొక్కుడు నంబరు లేదు చూడండి. ప్లాస్టిక్ మెరుస్తాంది. ఆడిన ఆటను గుర్తుపెట్టుకునే బ్యాటరీ బిళ్ల లోపల ఉండదు. బోర్డు మూలన నీలం తీగ ఒకటి అతికించి ఉంటారు. కానీ ఇది నేను పంపింది కాదు.”

“మరెవరు పంపినారు?”

“నేను పంపింది అసలుది. మధ్యలో ఎవరు మార్చినారో నాకెట్లా తెలుస్తాది?”

“మధ్యలో ఎవరుండారప్పా? నేనుండా. నా తమ్ముడు ఉండాడు.”

ఇలా చేసేవాళ్లు ఉంటారని, అసలుది ఇంట్లో పెట్టుకుని నకిలీది తెచ్చి డబ్బు అడుగుతారని, తనకు తెలిసిన అంగళ్లకు చాలాసార్లు ఇలా జరిగిందని ప్రణీత్ నేల చూస్తూ చెప్పాడు. చివర్లో, మిమ్మల్ని అనడం లేదు మేడమ్ అన్నాడు.

“అనేసి, అనలేదంటావేమప్పా” అంది కృపాకుమారి.

ఆంజినమ్మ కాయలు తెంపడం ఆపి, ఈ కాలంలో ఎవరిని నమ్మాలో, ఎవరిని నమ్మకూడదో అని ఎవరితోనూ కాకుండా అంది. చర్చి వీధి అన్న మాట ఇంకా ఆమె నోట్లోనే నానుతున్నట్టుంది. కృపాకుమారి ముఖం నల్లబడింది. చుట్టూ చూసింది. ఆ చూపు వనజాక్షికి ఎక్కడో తెలిసిన చూపులా తోచింది. కానీ అది పట్టుకునే తీరిక లేదు అప్పుడు. కొడుకు మీద నింద పడుతోంది. పోలీసులు, కేసు, పేపర్లో జిల్లా పేజీ, వాడి ఫోటో, అన్నీ వరసగా ఆమె కళ్ల ముందుకు వచ్చేశాయి. అప్పుడు కుంకుమ గుర్తుకొచ్చింది.

“ఉండమ్మా” అంటూ ఆమె లేచి, ఒళ్లోని కాయలు దులిపింది. “ఇది మా ఇంటిదా కాదా నేను చెప్తా. ఈడినుంచి పోయిన ప్రతి క్యాసెట్టుకూ నేను బొట్టు పెట్టినా. ఆయుధపూజ నాడు. ఈ స్క్రూ గుంతలో పెట్టినా, ఎవురికీ కనపడకుండా.”

“ఏం బొట్టు మా?” అన్నాడు ప్రణీత్. వాడి గొంతు ఏదోలా ఉంది. తన వస్తువులు ముట్టుకున్నానని కోపం వచ్చిందేమోలే, తర్వాత నాలుగు తిట్లు తింటాను, ముందు వీణ్ని బయట పడేస్తే చాలు అనుకుంది ఆమె.

“నువ్వు వద్దన్నావు కదా, అందుకే చెప్పలే. లోపల కుంకుమ లేదంటే ఇది మనది కాదు. అంతేకదమ్మా?”

కృపాకుమారి ఒక క్షణం ఆలోచించి, అంతేలేమ్మా అని క్యాసెట్టు చేతికిచ్చింది.

వనజాక్షి గాజులకున్న పిన్నీసు తీసి, మొదటి గుంతలోకి దించి తిప్పింది. ఉత్త దుమ్ము వచ్చింది. అమ్మయ్య అనుకుంది. రెండో గుంతలోకి దించింది. పిన్నీసు మొన మీద ఎర్రటి పొడి.

వసారాలో ఉన్నవాళ్లంతా ఆమె వీపు వెనకే ఉన్నారు. ఎవరికీ కనపడలేదు. వెలుతురుకు ఎదురుగా నిలబడింది తానొక్కతే. మళ్లీ దించింది, మళ్లీ ఎరుపే. దండిగా ఉంది. ఇంకాస్త పెట్టినందుకు ఇంకాస్త ఉంది.

అది ఇక్కడినుంచి పోయినదే. తన చేతుల మీదుగా పోయినదే.

ఆమె కట్టుకున్నది ఎర్రంచు నేత చీర. పిన్నీసు మొన కొంగుకు ఒకసారి తుడిస్తే చాలు, అంచులో కలిసిపోతుంది. లేదు అన్న ఒక్క మాట చాలు, ఈ మనిషి సంచి సర్దుకుని ఆటో ఎక్కి పోతుంది. ఆంజినమ్మ ఊరంతా చెబుతుంది, ఆ యమ్మే మార్చుకోని వచ్చిందంట అని. వనజాక్షి చెయ్యి కొంగు దాకా పోయింది కూడా.

ఇది మా అంగడిది కాదు. మధ్యలో యాడో మార్చుకుని వచ్చినారు.

ఆ మాట ఇప్పుడు ఎవరూ అనలేదు. అయినా ఆమెకు వినిపించింది. సంచిని ముట్టుకోకుండానే అన్న ఆ అంగడివాడి గొంతు, క్యాసెట్టును ముట్టుకోకుండానే అన్న తన కొడుకు గొంతు, రెండూ ఒకేలా వినిపించాయి. ఇందాక కృపాకుమారి చుట్టూ చూసిన చూపు ఎక్కడిదో అప్పుడు తెలిసింది. అది ఆ రోజు అంగడిలో నిలబడిన తన చూపే.

“ఉండాది” అంది వనజాక్షి.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. పిన్నీసు ఎత్తి అందరికీ చూపించింది. ఆంజినమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ప్రణీత్ రెండడుగులు ముందుకు వచ్చాడు. “అయితే నేనే చూసుకోలేదేమో మా. పనిలో పడి, పొరపాటున ఇది పోయినాదేమో. పొరపాటు ఎవరికైనా వస్తాది కదా.”

ఆ మాట పట్టుకుని వేలాడాలని వనజాక్షికి ఎంత అనిపించిందో. పొరపాటే అయి ఉంటుంది. కన్ను అలిసి ఉంటుంది. ఆ రాత్రుళ్లు జ్వరంతో ఉన్నాడు కదా. ఆంజినమ్మ కూడా, పొరపాటు పడని మనిషి యాడుంటాడు అని సర్దబోయింది. కృపాకుమారి కూడా ఆ మాటనే నమ్మి పోయేదేమో.

కానీ వనజాక్షి చేతిలో క్యాసెట్టు ఇంకా అలాగే ఉంది. మూసి ఉంది. స్క్రూలు బిగించి ఉన్నాయి.

“విప్పు” అంది కొడుకుతో.

“ఎందుకు మా?”

“విప్పకుండా చెప్పేవాడు సోదె చెప్పుకోవల్ల అంటావు కదా. నువ్వు దీన్ని చేత్తో కూడా పట్టుకోలేదు. పట్టుకోకుండానే లోపల నీలం తీగ ఉంటాదని చెప్పినావు. నువ్వు విప్పిన నకిలీవాటిల్లో యాడా నేను నీలం తీగ చూళ్లే. విప్పు, చూస్తాం.”

వాడు కదల్లేదు. ఆమే గదిలోకి పోయి, బల్ల మీది స్క్రూడ్రైవరు తెచ్చి వాడి చేతిలో పెట్టింది. ప్రణీత్ అక్కడే మెట్టు మీద కూర్చుని, ఎన్నో వేలసార్లు చేసిన పని మొదటిసారి చేస్తున్నవాడిలా తడబడుతూ రెండు స్క్రూలూ తిప్పాడు. కుంకుమ వాడి వేళ్లకు అంటుకుంది. డబ్బీ రెండుగా విడిపోయింది.

బోర్డు మూలన, వంకరగా అతికించిన నీలం తీగ.

అప్పుడు చూసింది వనజాక్షి. వాకిట్లో బయ్యన్న నిలబడి ఉన్నాడు. నెత్తి మీద వేరుశనగ కట్టె మోపు అలాగే ఉంది. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో ఎవరికీ తెలియదు. మోపు దించాడు. తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. గోడ మీద మేకులు దిగి వేలాడుతున్న క్యాసెట్ల వైపు కిటికీలోంచి ఒకసారి చూశాడు.

“తెలిసే పంపినావా?” అని అడిగాడు కొడుకును.

ప్రణీత్ బోర్డు మీదికి ఇంకా వంగాడు.

కృపాకుమారి లేచి నిలబడింది. కళ్లలో నీళ్లున్నాయి గానీ గొంతు గట్టిగానే ఉంది. “నాకు దుడ్ల మాట తర్వాతప్పా. నేను మార్చలేదని ఒక్కమాట చెప్పు. ఇందాక ఈ కాయలు తెంపే యమ్మ ముందర నన్ను దొంగను చేసినావు. ఈ యమ్మ ముందరే చెప్పు.”

ప్రణీత్ తల వంచుకుని ఆ నీలం తీగనే చూస్తున్నాడు.

బయ్యన్న వచ్చి కొడుకు పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. తిట్టలేదు. చేతులకున్న మట్టి రాలుస్తూ, నెమ్మదిగా మొదలుపెట్టాడు.

“ఆ ఏడు నువ్వొక మాట అడిగితివి నన్ను. చూసుకోలేదా నాయనా అని. నేను పలకలే. ఇప్పుడు చెప్తాండా, ఇను. చూసుకున్నానప్పా. సంచి చూసినా, సీలు చూసినా, గింజ కొరికి చూసినా. అన్నీ చూసే మోసపోయినా. నా కొడుకు ముందర ఆ మాట చెప్పుకోల్యాక నోరు మూసుకున్నా.” కొంచెం ఆగాడు. “నువ్వూ అట్లనే మోసపోయినావు. అది తప్పు కాదు. కానీ మిగిలిన సంచిని నేను ఇంకొకని చేన్లో పోయలేదురా.”

వనజాక్షికి అప్పుడు అర్థమైంది. దసరా ముందర వాడు అన్నం ముట్టనిది జ్వరంతో కాదు. డెంగ్యూ కాదు, టైఫాయిడ్ కాదు. నా చేతికి నకిలీది ఎవడూ అంటగట్టలేడని ఇన్నేళ్లు అన్న నోటితో, మోసపోయాను అని తండ్రికి చెప్పలేని సిగ్గు. గోడకు మేకు కొడితే తండ్రి చూస్తాడు, అడుగుతాడు. అందుకే కొట్టలేక పార్సిలు కట్టాడు. తను రక్తం పరీక్ష చేయించింది. నుదుటి మీద తడిగుడ్డ వేసింది. ఏమైంది కొడుకా అని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. పేలే బ్యాటరీల గురించి, లారీల గురించి, పోలీసుల గురించి భయపడటానికే ఆమెకు కాలమంతా సరిపోయింది. తన కడుపున పుట్టినవాడు ఒకరిని మోసం చేసి, మోసపోయినవాళ్లనే దొంగలంటాడని మాత్రం ఏనాడూ భయపడలేదు.

ఎండ మెట్టు దాకా పాకింది. కోడి ఒకటి రాలిన కాయల మధ్య కెలుకుతోంది, దాన్ని అదిలించాలని కూడా ఎవరికీ తోచలేదు. వనజాక్షికి ముందు గది అటక మీది పురుగుమందు డబ్బా గుర్తుకొచ్చింది. పేపర్లో చదివినవన్నీ గుర్తుకొచ్చాయి. తనకు తెలియకుండానే పోయి గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది. అక్కడినుంచే చెయ్యి చాచి కొడుకు తల మీద పెట్టింది. వాడి తల వెచ్చగా ఉంది. జ్వరం లేదు.

“చెప్పురా” అంది. “చెప్పినా నువ్వు నా కొడుకువే. చెప్పకుంటే నేనేం భయపడాల్నో కూడా తెలీదు నాకు.”

వాడు లేచాడు. ఆమె గుమ్మంలోంచి కదల్లేదు. వాడు లేచింది గదిలోకి పోవడానికి కాదు. కిటికీలోంచి చెయ్యి దూర్చి బల్ల మీది సుత్తి, ఒక మేకు అందుకున్నాడు. విడిపోయిన డబ్బీని మళ్లీ జోడించి, మెట్టు రాతి మీద పెట్టాడు. నక్కబొమ్మ నడినెత్తిన మేకు ఆనించి, ఒకటే దెబ్బ వేశాడు. ప్లాస్టిక్ పగిలిన చప్పుడుకు కోడి అరుచుకుంటూ పారిపోయింది. సుత్తి వాడి చేతిలోనే ఉంది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు.

కృపాకుమారి కాసేపు చూసింది. ఇక వినాల్సింది ఏమీ లేదనుకుందో ఏమో, కొంగుతో ముఖం ఒత్తుకుని, సంచి భుజాన వేసుకుంది. అన్నం తిని పొమ్మని వనజాక్షి అంటే, వద్దమ్మా అని తల ఊపింది. వాకిలి దాటి, ముగ్గు తొక్కకుండా పక్కనుంచి దిగి, ఆటో కోసం రోడ్డు వైపు తిరిగింది.

ఆమె నాలుగిళ్లు దాటిపోతే, ఆ మాట ఇక ఎన్నటికీ ఈ వాకిట్లో పుట్టదని వనజాక్షికి తెలుసు. ఈ మౌనమే వాడి బతుకంతా ఉండిపోతుంది, వాళ్ల నాయనకు ఉండిపోయినట్టు. మెట్టు దగ్గర వంగి ఉన్న కొడుకు భుజం మీద చెయ్యి వేసింది. ఆమె తోయలేదు, పట్టుకోలేదు. ఊరికే అలా ఉంచింది.

“అక్కా.”

కృపాకుమారి ఆగింది. ఇందాకటి నుంచీ మేడమ్ అంటున్న గొంతే అది. ప్రణీత్ సుత్తి కింద పెట్టి, వాకిట్లోకి దిగి, ముందు ఆమె వైపు, తర్వాత వసారాలో కూర్చున్న ఆంజినమ్మ వైపు తిరిగాడు. ముఖం తుడుచుకోబోతే వేళ్లకున్న కుంకుమ చెంపకు అంటుకుంది.

“ఆంజినమ్మత్తా, నువ్వూ ఇను. ఈ అక్క ఏమీ మార్చలేదు. నకిలీదని తెలిసే, నేనే పంపినా.”